చేతికి తగ్గ మౌసు

వినాయకుడంతటివాణ్ణి మోసిన ఎలుక కథ మనందరికీ చిన్నప్పటి నుంచీ తెలుసు. ఈ కాలపు ఎలుక సంగతి వేరు. అది మనల్ని మొయ్యదు, మన చెయ్యే దాన్ని రోజంతా మోస్తుంది. కంప్యూటరు పక్కన అరచేతి కింద నక్కి కూర్చునే మౌసుని రోజుకి ఎనిమిది, పది గంటలు పట్టుకుని సంపాదించే పిల్లలు ఇవాళ మన ఇళ్లలో చాలామంది ఉన్నారు. ఒకరు ఇళ్ల ప్లానులు గీస్తారు, ఒకరు శుభలేఖలు తయారుచేస్తారు, ఒకరు చీరల అంచులకు డిజైన్లు వేస్తారు. కిందటి సంచికలో నామినేషన్ల గురించి రాశాను. ఈసారి ఏ పద్దులోకీ ఎక్కని, కాని ఇంటికి డబ్బు తెచ్చే చేతి గురించి నాలుగు మాటలు చెప్పాలని ఉంది.

అప్పు కాగితాలు చూడడం నా ఉద్యోగం. కంప్యూటరు మీద డిజైన్ పని పెట్టుకుంటామని వచ్చేవాళ్ల కొటేషన్లు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. కంప్యూటరు ఇంత, తెర ఇంత, ప్రింటరు ఇంత, యూపీఎస్ ఇంత, సాఫ్ట్‌వేరు ఇంత. చిట్టచివర కీబోర్డూ మౌసూ ఒకే పంక్తిలో ఉంటాయి, చాలాసార్లు వాటి ఎదుట 'ఉచితం' అని ఉంటుంది. అంత సరంజామాలోనూ మనిషి చెయ్యి రోజంతా తాకేది ఆ ఉచితంగా వచ్చినవాటినే. కంప్యూటరుకి తరుగుదల లెక్క ఉంది. ఆదాయపు పన్ను లెక్కల్లో ఏడాదికి 60 శాతంగా ఉన్న రేటుని 2017-18 నుంచి 40 శాతానికి తగ్గించారు. దాన్ని నడిపే చేతి తరుగుదల మాత్రం ఏ ఆడిటరూ రాయడు.

బయటి రాష్ట్రాల్లో స్థిరపడ్డ మనవాళ్లకి ఈ సంగతి మరీ దగ్గరిది. షోలాపూరు, భివండీ పద్మశాలీలు, సేలం వైపు దేవాంగులు, బరంపురం పట్టు నేసే కుటుంబాలు తరతరాలుగా మగ్గాన్ని నమ్ముకున్నవాళ్లు. ఫ్రాన్సు దేశంలో జాకార్డ్ 1804లో చిల్లుల అట్టలతో మగ్గాన్ని నడిపించే పద్ధతి తెచ్చాడు. ఆ అట్టల ఉపాయాన్నే ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రానికి వాడుకోవాలనుకున్నాడు. అంటే కంప్యూటరుకి మగ్గం మేనత్త వరస అన్నమాట. ఇప్పుడు ఆ మేనత్త ఇంటికే కంప్యూటరు కాపురానికి వచ్చింది.

ఒకప్పుడు గ్రాఫు కాగితం మీద గళ్లు నింపి, దాన్ని చూసుకుంటూ అట్టలకు చిల్లులు కొట్టేవారు. ఇవాళ చాలాచోట్ల ఆ గళ్లు తెర మీదే నింపుతున్నారు. ఒక గడి అంటే ఒక పడుగు పోగునీ ఒక పేక పోగునీ కలిపే చోటు. 480 కొక్కేల జాకార్డు మీద 600 పేకల బూటా వెయ్యాలంటే 2,88,000 గళ్లు. అన్నిటినీ ఒక్కొక్కటిగా నొక్కరు, నిజమే. ఒకేసారి రంగు పోసే సదుపాయం ఉంది. కాని అంచుల వంపులు సరిచెయ్యడం, పోగు మరీ పొడుగ్గా తేలిపోకుండా మధ్యమధ్య కట్టు చుక్కలు పెట్టడం చేత్తో చూసుకుని చెయ్యాల్సిన పనే. ఒక్క డిజైనుకి వేల నొక్కుళ్లు పడతాయి.

మగ్గం పని సుఖమైనదని నేననడంలేదు. నేసి నేసి నడుములు వంగిపోయినవాళ్లని మనం చూశాం. అయినా మగ్గం ఆ కష్టాన్ని రెండు కాళ్లకీ రెండు చేతులకీ పంచేది. గుంట మగ్గంలో గుంట లోతు నేసేవారి కాళ్లకు సరిపోవాలి, లేకపోతే పని సాగదు. కంప్యూటరు ఆ పనంతా తెచ్చి ఒక్క చేతిలో, ఆ చేతిలోనూ రెండు వేళ్ల మీద పెట్టింది. బ్యాంకు భాషలో చెప్పాలంటే ఉన్న సొమ్మంతా ఒకే షేరులో పెట్టినట్టు. అటువంటివాళ్లకి మేం ఏం చెబుతాం? పంచి పెట్టండి అంటాం. చేతి విషయంలోనూ అదే సూత్రం.

ఈ పరికరం పుట్టుక కాస్త తెలుసుకుంటే మంచిది. 1964లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ ఊహకి బిల్ ఇంగ్లిష్ రూపం ఇచ్చాడు. అది ఒక చిన్న చెక్క పెట్టె. అడుగున రెండు చక్రాలు, పైన ఒక మీట. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో దాన్ని అందరి ముందూ నడిపి చూపించారు. తరవాత మూలలు గుండ్రబడ్డాయి, చక్రాలు పోయి బంతి వచ్చింది, బంతి పోయి వెలుతురుతో పనిచేసేవి వచ్చాయి. ఆపిల్ కంపెనీ 1998లో ఐమాక్‌తోపాటు గుండ్రటి బిళ్లలాంటి మౌసు ఇచ్చింది. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది, కాని చేత్తో తడిమితే ముందేదో వెనకేదో తెలిసేది కాదని వాడినవాళ్లు మొత్తుకున్నారు. 2000లో దాన్ని మార్చేశారు. కంటికి అందమైనది చేతికి సుఖంగా ఉంటుందన్న హామీ లేదని అప్పుడే తేలింది.

ఇక చేతి సంగతి. అరచెయ్యి బల్ల మీద బోర్లా పెట్టినప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలు ఒకదాని మీదికి ఒకటి మెలిపడతాయి. మణికట్టు దగ్గర ఎముకలూ ఒక గట్టి పట్టీ కలిసి ఏర్పడిన ఇరుకు దారి ఉంది. వేళ్లని ముడిచే తొమ్మిది తాళ్లలాంటి కండర బంధనాలూ, వాటితోపాటు ఒక ముఖ్యమైన నరమూ అందులోంచే వెళతాయి. మణికట్టుని పైకి విరిచి, బల్ల అంచుకి ఆనించి గంటలకొద్దీ ఉంచితే ఆ ఇరుకులో నరం నలుగుతుంది. బొటనవేలికీ, చూపుడు వేలికీ, నడిమి వేలికీ, ఉంగరపు వేలిలో సగానికీ స్పర్శ ఇచ్చేది ఆ నరమే.

షోలాపూరులో పనిచేసిన రోజుల్లో ఒక అమ్మాయి అత్తగారితో కలిసి అప్పు కోసం వచ్చింది. ఇంట్లోనే కూర్చుని తువ్వాళ్లకీ చద్దర్లకీ జాకార్డు డిజైన్లు వేస్తుంది. సంతకాలు పెడుతూ రెండు మూడుసార్లు చెయ్యి విదిలించుకుంది. "చేతికేమైందమ్మా?" అన్నాను. "ఏం లేదు సార్, రాత్రిపూట తిమ్మిరెక్కి మెలకువొస్తది. బొటనవేలు, పక్కన రెండేళ్లు. తెల్లారెసరికి పోతది" అంది. అత్తగారు కలగజేసుకుని, "కూసుండి చేసే పనికి నొప్పేంది సారూ! మేము దినాం వెయ్యి బీడీలు చుట్టినం" అన్నారు. ఆవిడ మాటలో అబద్ధం లేదు. అక్కడి మన ఆడవాళ్లు ఎన్ని సంసారాలు బీడీల మీద నిలబెట్టారో అందరికీ తెలుసు. కాని ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ బల్ల మీద పెట్టిన చేతివేళ్లు కూడా పూర్తిగా చాపుకోలేదు. చూసి కోడలి చేతిని డాక్టరుకి చూపించమన్నాను. "రోజులు గడిస్తే అదే పోతుందనుకోకండి, ఈ అప్పు తీర్చాల్సింది ఆ చెయ్యే" అన్నాను. ఆ మాట అత్తగారికి అందింది. మర్నాడు ఆవిడే దగ్గరుండి తీసుకెళ్లారు. రాత్రిళ్లు మణికట్టుకి పట్టీ కట్టుకోమనీ, పని చేసే తీరు మార్చుకోమనీ డాక్టరు చెప్పారట. కొన్ని నెలలకి తిమ్మిరి బాగా తగ్గింది. పని ఒత్తిడి ఎక్కువైన వారాల్లో మళ్లీ పలకరిస్తుంది కనక పట్టీ పక్కనే ఉంచుకుంటుంది.

తీరు మార్చడమంటే ఏమిటో వివరంగా చూద్దాం. మొదటిది కొలత. చెప్పులు కొనేటప్పుడు కాలు కొలుచుకుంటాం, గాజులు ఎక్కించి చూసుకుంటాం. మౌసుని మాత్రం ఎవరిచ్చింది వారు పుచ్చుకుంటాం. మణికట్టు గీత నుంచి నడిమి వేలి కొస దాకా స్కేలుతో కొలవండి. మౌసు పొడవు అందులో సుమారు 60 శాతం ఉంటే బాగుంటుందని వాడుకలో ఉన్న ఒక మోటు లెక్క. 17 సెంటీమీటర్ల చేతికి 10 సెంటీమీటర్ల మౌసు అన్నమాట. మరీ చిన్నదైతే వేళ్లు కొంకర్లు పోతాయి. మరీ పెద్దదైతే పట్టు కోసం బిగించాల్సి వస్తుంది. ల్యాప్‌టాప్ సంచీలో పడేసుకునే బుల్లి మౌసులు ప్రయాణానికే గాని పూట పనికి కావు.

రెండోది ఆకారం. చెయ్యి కలిపేటప్పుడు ఉన్నట్టు అరచేతిని పక్కకి నిలబెట్టే మౌసులు వచ్చాయి. లాజిటెక్ వారి ఎమ్ఎక్స్ వర్టికల్ 2018లో వచ్చింది, వాలు 57 డిగ్రీలు. చిన్న, మధ్యస్థపు చేతులకు 2022లో లిఫ్ట్ అనే మౌసు తెచ్చారు. దానిలో ఎడమ చేతివాటం వాళ్లకీ ఒకటి చేశారు. వీటివల్ల ముంజేతి మెలిక తగ్గుతుంది. అంతమాత్రాన ఇది మందు కాదు. మణికట్టు లోపలి ఒత్తిడి కూడా దీనితోనే పోతుందని నమ్మి డాక్టరు దగ్గరికి వెళ్లడం మానకూడదు. పైగా సన్నని గళ్లు నొక్కేవారికి మొదటి వారం రోజులు గురి తప్పుతుంది. గిరాకీ తొందరలేని రోజుల్లో అలవాటు చేసుకోవాలి. బంతిని తిప్పే ట్రాక్‌బాల్ అయితే చెయ్యి కదలక్కర్లేదు. కాని బొటనవేలితో తిప్పే రకంలో భారమంతా ఆ ఒక్క వేలి మీదే పడుతుంది. వంపు గీతలకి పలకా కలమూ హాయి, గడి గడికీ చుక్క పెట్టడానికి మౌసు హాయి. రెండూ ఉంచుకుని మార్చి మార్చి వాడేవాళ్ల చెయ్యి ఎక్కువ కాలం నిలుస్తుంది.

మూడోది చోటు. మా బ్యాంకుల్లో కీబోర్డుకి కుడివైపు అంకెల మీటలు లేకపోతే పని నడవదు. డిజైన్ వేసేవారికి వాటితో పెద్దగా పని లేదు, కాని అవి మౌసుని దూరంగా నెట్టేస్తాయి. దాంతో చెయ్యి రోజంతా పక్కకి చాపి ఉండాలి, భుజం పట్టేస్తుంది. అంకెల మీటలు లేని పొట్టి కీబోర్డు కొంటే మౌసు బెత్తెడు దగ్గరికి వస్తుంది. బల్ల సంగతీ అంతే. మామూలు బల్లల ఎత్తు సుమారు 75 సెంటీమీటర్లు. పొట్టిగా ఉండే మన ఆడపిల్లలకు భుజాలు ఎగబట్టనిదే చెయ్యి ఆనదు. కుర్చీ ఎత్తు పెంచి, కాళ్ల కింద వంటింటి పీట వెయ్యండి. మోచెయ్యి ఇంచుమించు లంబకోణంలో ఉండి, ముంజెయ్యి బల్ల మీద ఆని, మణికట్టు తిన్నగా ఉంటే చాలు.

నాలుగోది, పైసా ఖర్చు లేనిది. విండోస్‌లో మౌసు సెట్టింగుల్లో క్లిక్‌లాక్ అనే సదుపాయం ఉంది. మీటని ఒకసారి కాసేపు అదిమి వదిలితే చాలు, నొక్కి పట్టుకోకుండానే గీత లాగవచ్చు. బాణం గుర్తు వేగం కొద్దిగా పెంచితే చెయ్యి తక్కువ జరుగుతుంది. మరీ పెంచితే గురి కోసం వేళ్లు బిగుసుకుంటాయి కనక మధ్యస్థంగా పెట్టుకోవాలి. వెనక్కి తిప్పడం, దగ్గరగా చూడడం వంటి పనులు ఎడమ చేత్తో కీబోర్డు మీదే కానివ్వాలి. అరగంటకోసారి లేచి మంచినీళ్లు తాగి రావాలి.

ఎడమ చెయ్యి మాట వచ్చింది కనక పెద్దవాళ్లకో మనవి. మన ఇళ్లలో ఎడమ చేత్తో ఏం చేసినా "ఆ చేత్తోనా?" అని గద్దిస్తాం. మౌసుకి మడి లేదు. కుడి, ఎడమ మీటలు తారుమారు చేసుకునే వీలుంది, రెండు చేతులకీ పనికొచ్చే సమానాకారపు మౌసులున్నాయి. కుడి చేత్తో అంకెలు కొడుతూ ఎడమ చేత్తో మౌసు జరిపే గుమాస్తాలు నాకు తెలుసు. పని రెండు చేతులకీ పంచుకునే పిల్లని తిట్టకండి, మెచ్చుకోండి.

తిమ్మిరి రాత్రి నిద్ర లేపినా, చేతిలో వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి మొదట్లో బొత్తాం పెట్టుకోలేనంత నొప్పి ఉన్నా నూనె మర్దనాతో సరిపెట్టక డాక్టరుకి చూపించాలి. చిటికెన వేలు తిమ్మిరెక్కితే అది వేరే నరం, మోచెయ్యి బల్ల అంచుకి ఆనుతోందేమో చూసుకోవాలి. తొందరగా పట్టుకుంటే పట్టీతోనూ విశ్రాంతితోనూ తగ్గేదాన్ని ఏళ్లు సాగదీస్తే శస్త్రచికిత్స దాకా వెళ్లవచ్చు.

మంచి మౌసు, పొట్టి కీబోర్డు, ఒక పీట, అన్నీ కలిపినా మొత్తం పెట్టుబడిలో చిన్న భాగమే. ఈసారి కొటేషన్ రాయించేటప్పుడు మౌసుకి విడిగా ఒక పంక్తి వేయించండి. దాన్ని పట్టి చూసి ఎంచుకోవాల్సింది డబ్బు కట్టేవారు కాదు, రోజంతా పట్టుకునేవారు. పండక్కి పిల్లలు ఇంటికి వచ్చినప్పుడు సంపాదన ఎంతని అడిగే ముందు చెయ్యి ఎలా ఉందని అడగండి. ఏమీ లేదంటే, ఓసారి వేళ్లు చాపి చూపించమనండి.

వచ్చే సంచికలో పెద్దల డిపాజిట్ల సంగతి చూద్దాం.