అమ్మా, మీటింగుకు మీరే రండి



ప్రోగ్రెస్ కార్డుల మీద ఎక్కువగా నాన్న సంతకమే ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? టిఫిన్ బాక్సు, హోంవర్కు, జ్వరం అన్నీ చూసేది అమ్మ. పేరెంట్స్ మీటింగ్ అనగానే మాత్రం "మా ఆయన వస్తడు సార్, నాకేం తెల్వదు" అంటారు. మహమ్మద్‌నగర్ వైపు నుంచి మన బస్సులో వచ్చే పిల్లల ఇళ్ళలో ఈ మాట చాలాసార్లు విన్నాను.

నేను ఆ మాట నమ్మను. మీ ఊరి మహిళా సంఘం మీటింగు గుర్తు చేసుకోండి. పది పన్నెండు మంది గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి పొదుపు ఎంత, అప్పు ముందు ఎవరికివ్వాలి, ఎవరి కిస్తీ ఎందుకాగింది, అన్నీ అందరి ముందే తేలుస్తారు. తీర్మానం రాసి సంతకాలు పెడతారు. మొదట్లో పేరు చెప్పడానికే సిగ్గుపడినవారు తర్వాత బ్యాంకుకు వెళ్ళి లోను అడిగి వస్తున్నారు. పంట పోయినా, ఇంటి పెద్ద పోయినా సంఘం ఇచ్చేది డబ్బొక్కటే కాదు. "ఈ వారం ఎందుకు రాలేదక్కా?" అని ఇంటికొచ్చి అడిగే మనుషుల్ని ఇస్తుంది. కిస్తీ కట్టలేని నెలలో అదే పదిమంది ముందు తల వంచుకోవలసి వస్తుందన్నదీ నిజమే. అయినా లాభమే ఎక్కువని నా లెక్క.

ఇది ఇవాళ్టి సంగతి కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దడానికి రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళే సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం పాకి 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే రూపాయి పొదుపు సంఘాల్లో చేరింది.

చదువు మధ్యలో ఆపేసిన అమ్మలకు నా సలహా ఒకటుంది. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి చేరండి. 14 ఏళ్ళు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. అన్ని సబ్జెక్టులూ ఒకేసారి రాయక్కర్లేదు, పాసైనవి అలాగే ఉంటాయి. తర్వాత ఇంటర్ కూడా ఉంది. ఒక్కరే వెళ్ళడానికి జంకితే సంఘంలో ఇద్దరు ముగ్గురు కలిసి చేరండి. "ఈ వయసులో చదివి ఏ ఉద్యోగం చేస్తావ్?" అని ఎవరో ఒకరు అంటారు. ఉద్యోగం రాకపోవచ్చు. కానీ రాత్రి ఒకే బల్బు కింద అమ్మ, కూతురు చెరో పుస్తకం పట్టుకుని కూర్చుంటే ఆ ఇంట్లో "చదువు" అని అరవాల్సిన పని తగ్గుతుంది.

తప్పు మాలోనూ ఉంది. మా సర్క్యులర్లు చాలావరకు ఇంగ్లీషులోనే పంపుతాం. ఫోన్ నంబరు అడిగితే నాన్నదే రాసుకుంటాం. కాబట్టి వచ్చే మీటింగుకు మీరే వచ్చి, ఆఫీసులో మీ నంబరు కూడా రాయించండి. టీచరు ఇంగ్లీషులో మొదలుపెడితే ఆపి, తెలుగులో చెప్పమనండి. ఆ రోజు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకం మీరే పెట్టండి.