అడుగు చూసి చెప్పేవాళ్ళు

వంట బాగుందని చెప్పేవాళ్ళకు లోటుండదు. పళ్ళెంలో పెట్టిన రొట్టెని తినకముందే బోర్లించి, అడుగు ఎలా కాలిందో చూసేవాడు మాత్రం ఎక్కడో ఒక్కడుంటాడు. వాళ్ళింట్లోనూ పొయ్యి ఉందన్నమాట.

పాలకొల్లులో మా పెరట్లో నూతిగట్టుకీ కొబ్బరిచెట్టుకీ మధ్య ఓ మట్టిపొయ్యి ఉంది. వంటింట్లో గ్యాసు ఉండగా, ఆదివారం పొద్దున్నే ఆ పొయ్యి రాజేసి దిబ్బరొట్టి వేయడం నాకున్న దురలవాటు. ఊళ్ళో దిబ్బరొట్టి దొరక్క కాదు. మారుతీ సినిమా హాలు క్యాంటీనుకి వెళ్తే నిప్పుల మీద కాల్చిన రొట్టి ముక్క, పక్కన చెరకు పానకం పెడతారు. దానికోసం పనిగట్టుకుని పొరుగూళ్ళ నుంచి వచ్చేవాళ్ళున్నారు. అయినా ఎవరి పొయ్యి పిచ్చి వారికి ఆనందం.

గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల బియ్యపు రవ్వ. పప్పు నానబోసి రుబ్బి, కడిగి పిండిన రవ్వ కలిపి, ఉప్పూ జీలకర్రా వేయడం దాకా ఎవరైనా చేస్తారు. అసలు పని ఆ తరవాత. అడుగు మందంగా ఉన్న మూకుట్లో నూనె కాగనిచ్చి, రెండంగుళాల మందాన పిండి పోసి, మూత పెట్టి, ఆ మూత మీద నిప్పులు పోయాలి. కింద సెగ ఎక్కువైతే అడుగు మాడుతుంది, లోపల పచ్చి పచ్చిగానే ఉంటుంది. పైన నిప్పు చాలకపోతే రొట్టి జ్వరం పడి లేచిన మనిషిలా తెల్లగా పాలిపోయి ఉంటుంది. కొబ్బరి డొక్కలు భగ్గున మండి అంతలోనే చల్లారిపోతాయి. చిప్పలు ఆలస్యంగా అంటుకున్నా నిప్పు నిలబెడతాయి. సరుగుడు కట్టె ఈ రెంటికీ మధ్యరకం. ఏది ఎంత వేయాలో గడియారం చెప్పదు, ముక్కు చెప్పాలి. అరగంట గడిచాక మూత సందుల్లోంచి వచ్చే కమ్మటి వాసన ఒక్క పిసరు ఘాటెక్కుతుంది. అప్పుడు దించాలి. ఇంకో రెండు నిమిషాలు ఆగితే అది మాడు వాసన.

రెండేళ్ళ కిందట మా వెనకవీధికి ఓ అబ్బాయి వచ్చాడు. కువైట్‌లో హోటల్ వంటశాలలో చాన్నాళ్ళు చేసి, తిరిగొచ్చి పెరట్లో ఇటుకలూ మట్టీ పెట్టి గుమ్మటంలాంటి పొయ్యి కట్టుకున్నాడు. పిజ్జా కాల్చే పొయ్యి అది. అచ్చం పుట్టలా ఉంటుంది. నాగులచవితికి ఊరి చివరిదాకా నడవక్కర్లేదు, ఇక్కడే పాలు పోసేయొచ్చని వీధిలో ఒకావిడ నవ్వింది కూడా.

ఓ సాయంత్రం స్టీలు పళ్ళెం మీద అరిటాకు కప్పి తెచ్చాడు. “బాబాయ్‌గారండీ, ఇది మీరోసారి చూడాలండీ” అన్నాడు. తినమనలేదు, చూడమన్నాడు. నాకు ఆ మాటతోనే మనిషి అర్థమయ్యాడు. అంచు పట్టుకుని లేపి అడుగు చూశాను. గోధుమరంగు మీద నల్లటి చుక్కలు. ఒక పక్క మాత్రం చుక్కలన్నీ కలిసిపోయి మచ్చ కట్టింది. “నిప్పు ఎడంపక్క పెట్టావా?” అన్నాను. మొహం వెలిగిపోయింది. “ఆయ్, ఎడంపక్కేనండీ! తిప్పడం అర నిముషం ఆలస్యమైందండీ” అన్నాడు. ఇక మొదలు. ఏ కట్టె, ఎంతసేపు మండించావు, లోపలి నేల కాగిందని ఎలా తెలుస్తుంది. పిండి చల్లి చూస్తాడట. వెంటనే నల్లబడితే వేడి ఎక్కువైనట్టు, నెమ్మదిగా ఎర్రబడితే సరైన పాకం. మా మాటలు అయ్యేసరికి పిజ్జా చల్లారి చీజ్ గట్టిపడింది. రుచి గురించి ఇద్దరం ఒక్క ముక్కా మాట్లాడుకోలేదు.

నేపుల్స్ నగరంలో పిజ్జా కాల్చడం ఒక కళ. 2017లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వ సంపదల జాబితాలో చేర్చింది. అక్కడి పొయ్యిలో వేడి 430 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. 60 నుంచి 90 సెకన్లలో పిజ్జా కాలిపోతుంది. అంత తొందర సరుకుకీ, అరగంట పైచిలుకు మగ్గే మన దిబ్బరొట్టికీ పోలికేమిటంటే, పైనిప్పు. గ్యాసు పొయ్యికి కింద మంట తప్ప పైన ఏమీ లేదు. అక్కడ గుమ్మటం వేడిని కిందికి తిప్పికొడుతుంది. ఇక్కడ మూత మీది నిప్పులు ఆ పనే చేస్తాయి. పెనం మీద అట్టు తిరగేస్తాం, దిబ్బరొట్టిని తిరగేసే పనే లేకపోవడం అందుకే.

మూత మీద నిప్పులు పోసే ఇనప గిన్నెని ఇంగ్లీషులో డచ్ ఓవెన్ అంటారు. డచ్చివాళ్ళు ఇత్తడి పాత్రలు పోతపోసే తీరు చూసి, అబ్రహాం డార్బీ అనే ఇంగ్లీషాయన ఇసుక అచ్చుల్లో ఇనప పాత్రలు పోతపోసే పద్ధతికి 1707లో పేటెంటు తీసుకున్నాడు. అదే డచ్చివాళ్ళు 17వ శతాబ్దంలో పాలకొల్లులో దుకాణం పెట్టి మన నేత బట్టలు కొని ఓడలకెక్కించారు. రెంటికీ చుట్టరికం కలిపి ఊరికి లేని గొప్ప తేవాలని కాదు. మూకుట్లో పిండి పోస్తున్నప్పుడు ఆ మాట గుర్తొస్తుందంతే.

కట్టెల పొయ్యి అనగానే కవిత్వం చెప్పేవాళ్ళని చూస్తే మాత్రం నాకు కాస్త ఇబ్బంది. మా అమ్మకి ఈ పొయ్యంటే గిట్టేది కాదు. “నీకిది ఆదివారం సరదారా. నాకు నలభయ్యేళ్ళ కళ్ళమంట” అనేది. 1999లో దీపం పథకం కింద ఆడవాళ్ళకు గ్యాసు కనెక్షన్లు వచ్చినప్పుడు తడికట్టె ఊదే బాధ తప్పిందని సంబరపడిన ఇళ్ళు ఎన్నో. రోజూ తప్పక ఊదినవాళ్ళకు లేని మోజు, వారానికోసారి ఊదే మగవాళ్ళకు ఉండటంలో వింతేమీ లేదు. ఆ ఎరుక ఉండి ముచ్చట తీర్చుకుంటే తప్పూ లేదు.

ఇంతకీ అబ్బాయి పిజ్జా తెచ్చిన పళ్ళెం ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. మర్నాడు ఆదివారం. దిబ్బరొట్టి వేసి, సగం కోసి, గిన్నెలో ఇంత బెల్లం పానకం పోసి పంపించాను. సాయంత్రం అబ్బాయి వచ్చాడు. లోపల దూదిలా ఉందండీ అన్నాడు, అంచు పెచ్చు కరకరలాడిందండీ అన్నాడు. తరవాత గోడకేసి చూస్తూ, “ఏమనుకోకండేం, నిప్పులు మూత నడిమధ్యన కుప్పగా పోశారాండీ?” అన్నాడు. పోశాను. ముప్పయ్యేళ్ళుగా అలాగే పోస్తున్నాను. రొట్టి నడిమధ్య రూపాయి బిళ్ళంత మేర నల్లగా మాడటం దిబ్బరొట్టి లక్షణమే అనుకుంటూ వచ్చాను. ఇంట్లోవాళ్ళు ఆ ముక్క తీసి పక్కన పెట్టేవారు, ఒక్కరూ ఎందుకని అడగలేదు. నిప్పులు అంచు చుట్టూ కడియంలా పేర్చి, మధ్యలో రెండంటే రెండు వేయమన్నాడు.

నా సగం వయసువాడు చెప్పాడని ఓ పూట ఉడుక్కున్నాను. ఆ తరవాతి ఆదివారం చెప్పినట్టే చేశాను. నల్లబిళ్ళ లేదు.

అగ్గిపెట్టె కూడా పొదుపుగా వాడుకునే రోజుల్లో, తెల్లారగానే ఏ ఇంట్లో ముందు పొగ లేస్తే ఆ ఇంటికి చిప్ప పట్టుకుని నిప్పుకి వెళ్ళేవారు. నిప్పు తెచ్చుకోవడానికి ఎంత సేపు పట్టేదో గానీ, ఆ గుమ్మంలో కబుర్లకు మాత్రం చాలాసేపు పట్టేదని మా అమ్మమ్మ చెప్పేది. పొరుగింటి పుల్లకూర రుచి అన్న మాట ఎత్తిపొడుపుకే ఎక్కువ వాడతాం గానీ, అందులో అబద్ధం లేదు. కాకపోతే మా ఇద్దరి మధ్య నడుస్తున్నది రుచి బేరం కాదు. వాడి మచ్చ నాకు కనపడుతుంది, నా బిళ్ళ వాడికి కనపడుతుంది.

నిన్న మళ్ళీ వచ్చాడు. ఈసారి పిజ్జా మీద ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ. అడుగున మచ్చ లేదు, చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎలాగని అడిగితే, కట్టె వెనక్కి జరిపానన్నాడు.

వాళ్ళ పళ్ళెం ఇంకా మా ఇంట్లోనే ఉంది. ఈ రాత్రికి మినప్పప్పు నానబోయాలి.