తెగిన వ్రేళ్లు - సడలిన తీగెలు

కష్టము కూడ మేలుకొరకే వచ్చునని చెప్పుట మనకు పరిపాటి. తరగతిలో ఒక బాలుడు అంగవైకల్యముచేతనో, జబ్బుచేతనో వెనుకబడినప్పుడు ఉపాధ్యాయుడు వెంటనే ఒక మహనీయుని కథ యెత్తుకొనును. ఆయనకు కన్ను లేదు, ఈయనకు కాలు లేదు, అయినను లోకవిఖ్యాతులైరి, కావున నీవును కావచ్చునని ముగించును. ఉద్దేశము మంచిదే. కాని కథ చెప్పు తీరులో ఒక దోషము దాగియున్నది. మనిషి చేసిన పనివలన వచ్చిన కీర్తిని గాయమునకు కట్టబెట్టుచున్నాము. ఈ సంగతిని విశదము చేయుటకు ఆంగ్లదేశపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ జీవితము కంటె తగిన ఉదాహరణము నాకు తోచుట లేదు.

అయోమీ 1948 ఫిబ్రవరి 19వ తేదీన బర్మింగ్‌హామ్ నగరమున, ఇటలీ సంతతికి చెందిన కుటుంబమున జన్మించెను. అది కర్మాగారముల పట్టణము. బడి విడిచిన పిల్లలు పలువురు ఏదో ఒక కర్మాగారమున కుదురుకొనెడివారు. ఆయనయు రేకుల కర్మాగారమున పనికి చేరెను. తీరిక వేళల గిటారు వాయించుచుండెను. ఒక బృందముతో ఐరోపా యాత్రకు పోవు అవకాశము రాగా పని మానుకొనెను. 1965లో, పదునేడేండ్ల ప్రాయమున, కర్మాగారమున అది ఆయనకు కడపటి దినము. ప్రెస్సు యంత్రమును నడపవలసిన వ్యక్తి ఆనాడు రాకపోవుటచే, దానితో అలవాటు లేని ఈ యువకుని అచట నిలిపిరి. యంత్రము చేతిపై పడెను. అదరిపడి చేయి వెనుకకు లాగుకొనగా నడిమివ్రేలి కొనయు, ఉంగరపువ్రేలి కొనయు తెగిపోయెను.

గిటారులో ఒక చేయి తీగెలను మీటును; రెండవ చేయి, వీణపై వలెనే, మెట్లమీద తీగెలను అదిమి స్వరము పలికించును. సామాన్యముగ మెట్లపై నుండునది ఎడమచేయి. అయోమీది ఎడమచేతి వాటము. కనుక ఆయనకు మెట్లపై నాడునది కుడిచేయి. తెగినవి సరిగా ఆ చేతి వ్రేళ్లే. ఇక వాద్యము మాట మరువుమని వైద్యులు చెప్పిరి.

తరువాతి కథను లోకము ఇట్లు చెప్పుకొనును: ఆ వ్రేళ్లు తెగుటవలననే ఆయన తీగెలను సడలించెను, సడలించుటవలననే ధ్వని గంభీరమయ్యెను, అందుండియే హెవీ మెటల్ అను సంగీతశాఖ పుట్టెను, కావున ఆ ప్రమాదము సంగీతమునకు వరమైనది. వినుటకు ఇంపుగా నున్నది. కాని యంత్రములక్రింద వ్రేళ్లు పోగొట్టుకొన్న కార్మికులు ఎందరు లేరు? వారందరికి ఆ ప్రమాదము వరమైనదా? అలవాటు లేని పిల్లవానిని యంత్రమువద్ద నిలుపుట ఒక దోషము. అది వరమెట్లగును? వరమనినచో ఆ దోషమును క్షమించినట్లే. ఆయనను నిలబెట్టినవి వేరు. అవి మూడు.

మొదటిది ఒక మనిషి చేసిన మేలు. నిరాశతో ఇంట కూర్చున్న అయోమీని చూడ ఆ కర్మాగారపు మేనేజరు వచ్చెను. ఒక రికార్డు తెచ్చి వినుమనెను. వినుటకు మొదట ఆ యువకునకు మనసు రాలేదు. వినిన పిమ్మట, వాద్యము చాల బాగున్నదని ఒప్పుకొనెను. అప్పుడు గాని ఆయన అసలు విషయము చెప్పలేదు: ఈ వాయించినవాడు మెట్లపై రెండే వ్రేళ్లతో వాయించుచున్నాడు! ఆ వాద్యకారుడు జాంగో రైన్‌హార్ట్. బెల్జియమున 1910లో పుట్టిన జిప్సీ. 1928లో తాను నివసించు బండికి నిప్పంటుకొనగా ఎడమచేతి చివరి రెండు వ్రేళ్లు చెడిపోయినవి. అయినను పారిసు నగరమున జాజ్ సంగీతమునకు అగ్రగణ్యుడయ్యెను. ఉపాధ్యాయులు ఇచట గమనింపవలసినది క్రమము. ఆ మేనేజరు నీతి ముందు చెప్పి ఉదాహరణము వెనుక చూపలేదు. ముందు సంగీతము వినిపించెను, మెచ్చుకొననిచ్చెను, ఆ తరువాత కారణము చెప్పెను. జాలిపడి మెచ్చుకొనుటకు అవకాశమే లేకుండ చేసెను. ఇంతకు మించిన బోధనాపద్ధతి ఏ శిక్షణ కళాశాల నేర్పగలదు?

రెండవది చేతిపని. తెగిన కొనలకు అయోమీ తానే తొడుగులు చేసికొనెను. పాత్రలు కడుగు ద్రవము వచ్చు ప్లాస్టిక్ సీసాను కరగించి, ముద్దచేసి, వ్రేలికి సరిపోవునట్లు మలచి, పట్టు దొరకుటకై పైన పాత కోటునుండి తీసిన తోలుముక్క అతికించెను. ఇది పనివాని బుద్ధి. చేతికి గాయము చేసిన కర్మాగారమే చేతికి ఈ నేర్పు కూడ ఇచ్చినదనవచ్చును. కాని ఆ నేర్పు యంత్రము పడకముందే ఆయనకు కలదు.

మూడవది, వాద్యమునే తన చేతికి అనువుగ మార్చుకొనుట. తొడుగుల క్రింద తీగె స్పర్శ తెలియదు. బిగువైన లావు తీగెలను వంచుట బాధాకరము. సన్నని గిటారు తీగెలు ఆ రోజులలో సులభముగ దొరకలేదు. అందుచే బాంజో తీగెలు తెచ్చి గిటారునకు కట్టెను. 1971లో వెలువడిన మూడవ రికార్డులోని కొన్ని పాటలకు శ్రుతిని మూడు స్వరస్థానములు తగ్గించెను. బిగి సడలుటచే వ్రేళ్లకు సుఖము, ధ్వనికి గాంభీర్యము ఒక్కసారియే లభించినవి.

ఇచట మన సాహిత్యాభిమానులకు ఒక ఉపమానము తోచవచ్చును. యతిప్రాసల నిర్బంధమునుండియే పద్యమునకు అందము వచ్చినట్లు ఈ నిర్బంధమునుండి ఆ సంగీతము వచ్చినదని. ఈ ఉపమానము పొసగదు. ఛందస్సు కవి కోరి వరించినది. వలదనుకొన్ననాడు వచనము వ్రాసికొనవచ్చును. తెగిన వ్రేలిని ఎవరును కోరి వరింపరు, విడువనును లేరు.

మరియొక నిదర్శనము చూడుడు. ఓజీ ఆజ్‌బోర్న్, గీజర్ బట్లర్, బిల్ వార్డులతో 1968లో కూడిన ఆయన బృందము తరువాత బ్లాక్ సబ్బత్ అను పేరు పెట్టుకొనెను. 1970 ఫిబ్రవరిలో వచ్చిన వారి తొలి రికార్డు అదే పేరుగల పాటతో ఆరంభమగును. ఆ పాటకు ప్రాణము మూడు స్వరములు: షడ్జము, పైషడ్జము, పిమ్మట ప్రతిమధ్యమము. మనకు కల్యాణిలో మధురముగ వినవచ్చు ఆ స్వరాంతరమునే పాశ్చాత్య శాస్త్రకారులు కర్కశమని, సంగీతమున దాగిన దయ్యమని అనెడివారు. భయము గొలుపు పాటకు ఆ స్వరమును ఎన్నుకొన్నది గాయము కాదు, చెవి.

ఈ సంగీతము అందరికి రుచింపదు. 1970లో విమర్శకులు పలువురు దానిని ఎగతాళి చేసిరి. రుచుల సంగతి అట్లుంచి, పట్టుదలను చూడుడు. ఎందరు గాయకులు వచ్చిపోయినను బృందమున తుదివరకు విడువక నిలిచినవాడు అయోమీ ఒక్కడే. 2012లో ఆయనకు లింఫోమా అను కాన్సరు ఉన్నట్లు తెలిసెను. చికిత్స పొందుచునే పని సాగించెను. 2013లో వచ్చిన రికార్డు, 1970 తరువాత మరల మొదటిసారిగా, బ్రిటనులో ప్రథమస్థానము నందెను. 2023లో బర్మింగ్‌హామ్ రాయల్ బాలే సంస్థ ఆ పాటలపై నృత్యరూపకము ప్రదర్శించెను. 2025 జూలై 5వ తేదీన తొలి నలుగురును తమ నగరమున కడపటిసారి కలసి వాయించిరి; ఆ నెలలోనే ఆజ్‌బోర్న్ మరణించెను. అరువది యేండ్లుగా ప్రతి కచేరికి ముందు ఆ తొడుగులు తొడుగుకొనక తప్పలేదు. గాయము ఒక్క క్షణము పని. సాధన అరువది యేండ్ల పని.

కావున ఉపాధ్యాయ మిత్రులారా, కుంటివానికి, గ్రుడ్డివానికి కీర్తిమంతుల కథ చెప్పి ఊరకుండుట చాలదు. ఎడమచేతితో వ్రాయు బిడ్డను కుడిచేతికి మార్పింప బెత్తము పట్టుట మన బడులలో చిరకాలము సాగినది. అది చేతిని పలకకు అనువుగ మార్చు పద్ధతి. అయోమీ చేసినది వాద్యమును చేతికి అనువుగ మార్చుట. పెద్ద అక్షరముల పుస్తకమో, ముందు వరుసలో చోటో, పరీక్షలో మరికొంత వ్యవధియో బిడ్డకు ఇచ్చినచో అది దయాదానము కాదు, తీగె సడలించుట మాత్రమే. విద్యార్థులారా, మీకు లోపమున్నచో దానిని వరమని పొగడవలదు, శాపమని తిట్టవలదు. దానికి తగిన తొడుగు ఏదియో వెదకుడు, దొరకనిచో చేసికొనుడు. వాయించుట మాత్రము మానవలదు.