టో పైలట్‌ను మరవకండి: కేంద్ర పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

పైలట్ల శిక్షణ గురించి మీ బల్ల మీదికి ఫైళ్లు వస్తూనే ఉంటాయి. వాటిలో బహుశా ఎప్పుడూ కనిపించని మనిషి కోసం ఈ ఉత్తరం. ఇంజిన్ లేని గ్లైడర్‌కు తాడు కట్టి తన విమానంతో పైకి లాక్కెళ్లే టో పైలట్ ఆయన. అమెరికాలో శని, ఆదివారాల్లో నేను చేసే పని అదే.

మన దేశంలో గ్లైడింగ్ అనగానే పుణె దగ్గర హడప్సర్‌లో డీజీసీఏ కేంద్రం గుర్తొస్తుంది. అక్కడ గ్లైడర్‌ను పైకి పంపేది నేల మీద తాడు చుట్టే యంత్రం, వించ్. ఖర్చు తక్కువే, కానీ దక్కే ఎత్తూ తక్కువే. టో విమానమైతే రెండు మూడు వేల అడుగులకు తీసుకెళ్లి, వేడిగాలి లేచే చోట వదులుతుంది. రేపు దొనకొండ లాంటి పాత రన్‌వే మీద ఎవరైనా క్లబ్ పెడతామని వస్తే, అడిగేది టో విమానమే. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని కింద నిబంధనలు రాసేటప్పుడే టో పైలట్ శిక్షణ సంగతి తేల్చేయడం మంచిది.

అమెరికా నిబంధనను మాత్రం మక్కికి మక్కి దించకండి. ప్రైవేట్ పైలట్ లైసెన్సు, కమాండ్‌లో 100 గంటలు, కొంత పాఠం, అర్హుడైన పైలట్ పక్కనుండగా మూడు టోలు ఉంటే ఇక్కడ లాగ్‌బుక్‌లో సంతకం పడుతుంది. ఆ మూడూ నిజమైన టోలు కానక్కర్లేదు, గ్లైడర్ లేకుండా చేసిన అభ్యాసమైనా చెల్లుతుంది. గంటలు బాగానే లెక్కపెట్టారు. చెయ్యి సమయానికి తాడు వదిలే లివర్ దగ్గరికి వెళ్తుందా అన్నది ఎవరూ చూడలేదు.

అది చూడాల్సిందే, ఎందుకంటే మా ప్రాణం వెనక గ్లైడర్‌లో ఉన్నవాడి చేతిలో ఉంటుంది. రెండు వందల అడుగుల తాడు చివర గ్లైడర్ హద్దు దాటి పైకి లేచిందంటే, టో విమానం తోకను పైకి గుంజేస్తుంది. ముక్కు నేలకేసి తిరుగుతుంది. కర్రను ఎంత వెనక్కి లాగినా ఎలివేటర్ చాలదు. బ్రిటన్‌లో 1970ల చివర దీన్ని కావాలనే, తగినంత ఎత్తులో చేసి చూశారు. అంతా క్షణాల్లో ముగిసిపోయింది. పైగా కొన్ని పాతరకం హుక్కులు, తాడు పైకి గుంజుతున్నప్పుడు బిగుసుకుపోయి సులువుగా వదలవని తేలింది. మూడు వందల అడుగుల దగ్గర ఇది జరిగితే చెప్పేదేముంది?

తాడులో, లాగుడు మించితే తెగిపోయే వీక్ లింక్ ఉంటుంది కదా అని మీ అధికారులు అనొచ్చు. ఉంటుంది. అమెరికా లెక్కలో తాడు, లేదా ఆ లింక్, తెగే బలం గ్లైడర్ గరిష్ఠ బరువులో 80 నుంచి 200 శాతం మధ్య ఉండాలి. కానీ తోకను లేపేయడానికి అంత బలం అక్కర్లేదు. లింక్ తెగేలోపే విమానం బోర్లా పడుతుంది.

సైగల సంగతీ చెప్పాలి. గ్లైడర్ ఎయిర్‌బ్రేకులు తెరుచుకుని ఉంటే మేం రడ్డర్ అటూ ఇటూ ఊపుతాం, చూసుకొమ్మని. రెక్కలు ఊపితే మాత్రం తక్షణం తాడు వదలమని. గాభరాలో మొదటిదాన్ని రెండోదనుకుని, బ్రేకులు తెరిచే ఉండగా తక్కువ ఎత్తులో వదిలేసి కూలిన గ్లైడర్లున్నాయి. అందుకే విమానం కాస్తయినా ఎక్కుతున్నంతసేపు ఓపిక పట్టాలి, ముందు రేడియోలో చెప్పాలి, రడ్డర్ సైగ తగినంత ఎత్తు చేరాకే చేయాలి. ఈ ఓపిక నేర్పకపోతే రాదు.

ఇంకొకటి, మన ఎండ. రాయలసీమ మే నెల మధ్యాహ్నం గ్లైడర్‌కు పండగే. అదే వేడిలో గాలి పలచబడి టో విమానం ఇంజిన్ నీరసపడుతుంది, ఎక్కడం మందగిస్తుంది. అమెరికా క్లబ్బులు ఎక్కువగా వాడే పైపర్ పానీ, పొలాల మీద మందు చల్లడానికి తయారైన మొండి విమానం. దానికీ ఈ బాధ తప్పదు. జనవరిలో నేర్చుకున్న కుర్రాణ్ని మేలో మళ్లీ పరీక్షించకుండా ఒంటరిగా పంపకూడదు. దిగేటప్పుడు తాడు కింద వేలాడుతూ ఉంటుందనీ, కంచె మీదుగా, రోడ్డు మీదుగా ఎత్తుగా రావాలనీ అతనికి గుర్తుందో లేదో కూడా అప్పుడే చూడాలి.

టో పైలట్ కాబోయేవాణ్ని ముందు గ్లైడర్‌లో కూర్చోబెట్టి తాడు వెనక కొన్నిసార్లు తిప్పాలని నిబంధనలో రాయించండి. ముందున్న విమానం కంటికి కనబడకపోతే ఆలోచించకుండా తాడు వదలాలని గ్లైడర్ విద్యార్థికి మొదటి టోకు ముందే నేర్పించండి. ఇక ఏ క్లబ్బుకైనా అనుమతి ఇచ్చేముందు, మీ ఇన్‌స్పెక్టర్ టో విమానం హుక్కుకు తాడు తగిలించి, బరువుతో పైకి లాగిస్తూ, పైలట్‌ను లివర్ లాగమనాలి. హుక్కు వదలకపోతే దాన్ని మార్చేదాకా అనుమతి ఇవ్వకండి.

ఇట్లు,
ఒక టో పైలట్