మన ఒళ్లే దానికి మాట

'కుక్క కనపడితే రాయి కనపడదు, రాయి కనపడితే కుక్క కనపడదు' అని మనకో సామెత ఉంది. దాని అర్థం ఏదైనా, కుక్క అనగానే మనకి రాయే గుర్తొస్తుందని మాత్రం తెలిసిపోతోంది. కుక్కకీ అంతే. మనిషి అనగానే రాయే గుర్తొస్తుంది. కావాలంటే గమనించండి. వీధికుక్క ఎదురైనప్పుడు చెప్పు పట్టీ సర్దుకుందామని ఊరికే కిందికి ఒంగినా చాలు, అది చటుక్కున పక్కకి తప్పుకుంటుంది. మన చేతిలో రాయి లేదు, నోట మాట లేదు. అయినా దానికి కబురు అందిపోయింది!

మనం నోటితో చెప్పేదానికన్నా ఒంటితో చెప్పేదే కుక్క ముందు వింటుంది. ఈ చిన్న సంగతి మనం పిల్లలకి నేర్పడం లేదన్నదే నా బాధ.

మరి ఏం నేర్పుతున్నాం? అన్నం తినకపోతే కుక్క వచ్చి కరిచేస్తుందంటూ గోరుముద్దలతో పాటే భయాన్నీ తినిపిస్తాం. కాస్త పెద్దయ్యాక 'పరిగెత్తు' అంటాం, లేదంటే 'రాయి తియ్యి' అంటాం. ఆ భయంతో పిల్లలు కెవ్వుమని అరుస్తారు, చేతులు ఊపేస్తారు, వెనక్కి తిరిగి లగెత్తుతారు. కుక్క వేటాడే జాతి. పరిగెత్తేదాన్ని చూస్తే తరమాలనిపించడం దాని పుట్టుకలోనే ఉంది. అంటే, కరవకుండా ఉండాలని మనం చేసే పనులే దాన్ని మన మీదికి పిలుస్తున్నాయన్న మాట.

రాత్రిపూట స్కూటర్ వెనకాల కుక్కలు పడేదీ అందుకే. డ్యూటీ నుంచి ఆలస్యంగా వచ్చే ఆడవాళ్లకి ఇది రోజూ ఉండే గొడవే. కాళ్లు పైకెత్తి, వేగం పెంచి, పట్టుతప్పి పడిపోయి దెబ్బలు తగిలించుకునేవాళ్లున్నారు. వేగం తగ్గించి నెమ్మదిగా పోతే చాలాసార్లు వాటి హుషారు కూడా తగ్గిపోతుంది. తరమడానికి ముందు పరిగెత్తేదేమైనా ఉండాలి కదా!

కుక్క మీదికొస్తుంటే పిల్లలు చేయాల్సింది చెట్టులా నిలబడిపోవడం. చేతులు ఒంటికి ఆనించి, చూపు నేలమీదికి దించి, అరవకుండా ఉండాలి. కళ్లల్లోకి గుచ్చి చూడటం కుక్కల భాషలో కయ్యానికి కాలు దువ్వడమే. అది వాసన చూసి ఊరుకున్నాక, వీపు చూపించకుండా నెమ్మదిగా వెనక్కి జరగాలి. మధ్యలో స్కూలు బ్యాగు అడ్డం పెట్టుకుంటే మరీ మంచిది. కింద పడిపోతే మాత్రం ముడుచుకుపోయి, చేతులతో మెడా చెవులూ కప్పుకోవాలి.

ఇదంతా వీధికుక్కల సంగతే అనుకోకండి. తెలిసిన కుక్కలు కూడా పిల్లల్ని కరుస్తాయి. పెంపుడు కుక్క కదా అని తింటున్నప్పుడు గిన్నెలో చెయ్యి పెడతారు, నిద్రపోతుంటే మీద పడతారు, మెడ చుట్టూ చేతులేసి వాటేసుకుంటారు. మనకి కౌగిలి ప్రేమ, దానికి ఉక్కిరిబిక్కిరి. అది ముఖం పక్కకి తిప్పుకుంటుంది, పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకపోయినా ఆవలిస్తుంది. అవన్నీ 'ఇక చాలు' అని చెప్పడమే. మనకి అర్థం కాక నవ్వుకుంటాం. తోక ఊపుతోందంటే సంతోషమేననీ అనుకుంటాం. ఒళ్లంతా వదులుగా తిప్పుతూ ఊపితే సంతోషమే. ఒళ్లు బిగబట్టి, తోక నిటారుగా ఎత్తి ఊపుతుంటే దూరంగా ఉండటమే మేలు.

అవి మనల్ని చదివినంత బాగా మనం వాటిని చదవలేమేమో! అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే శాస్త్రవేత్త 2009లో ఒక పరిశోధన ప్రచురించారు. 'తప్పు చేసింది కాబట్టే తల దించుకుంది' అని మనం అనుకునే ఆ చూపు, నిజంగా తప్పు చేసినందుకు కాదట, యజమాని కోప్పడుతున్నందుకట. ఏ తప్పూ చేయని కుక్కని కోప్పడినా అలాగే చూసింది. పెంపుడువాటి మాట అలా ఉంచితే, మన వీధికుక్కలూ తక్కువవేం కావు. కోల్‌కతా ఐసర్‌లో అనిందితా భద్ర బృందం 2020లో ప్రచురించిన పరిశోధనలో 160 వీధికుక్కల ముందు గిన్నెలు పెట్టి, ఒకదాని వైపు చెయ్యి చూపించారు. దాదాపు సగం కుక్కలు బెరుకుతో దగ్గరికే రాలేదు. వచ్చినవాటిలో 80 శాతం దాకా చెయ్యి చూపిన గిన్నె దగ్గరికే వెళ్లాయి. వాటికి ఎవరూ ఏ శిక్షణా ఇవ్వలేదు. వీధిలో మనల్ని చూసి చూసి నేర్చుకున్నాయి. రాని సగానికి మన చేతులు ఇంకేం నేర్పాయో ఊహించుకోవచ్చు.

అలాగని కరిపించుకున్నవాళ్లదే తప్పు అనను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పసివాడి మీద కుక్కల గుంపు పడి ప్రాణం తీసింది. అంత చిన్నవాడు గుంపుకి చిక్కినప్పుడు చెట్టులా నిలబడటం ఏం కాపాడుతుంది? కుక్కలకి ఆపరేషన్లు, టీకాలు వేయించడం, వీధుల్లో చెత్త కుప్పలు తీయించడం మున్సిపాలిటీల బాధ్యత. అది అడిగి చేయించుకోవాల్సిందే. వీధికుక్కల వివాదం 2025లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వాటిని పంపించెయ్యాలని కొందరు, జాలి చూపాలని కొందరు వాదించుకున్నారు. ఆ వాదన ఎటు తేలినా రేపు పొద్దున మన పిల్లాడు బడికి వెళ్లేది ఆ వీధిలోంచే కదా!

ఇంకో మాట కూడా చెప్పాలి. కుక్క కరిస్తే అమ్మ తిడుతుందని, నాన్న కొడతాడని గాయం దాచేసే పిల్లలుంటారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. గోరు గీసుకున్నా సరే, వెంటనే వచ్చి చెప్పే ధైర్యం పిల్లలకి మన దగ్గర ఉండాలి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లకింద 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. బొడ్డు చుట్టూ పొడిచే పాతకాలం సూదులు ఇప్పుడు లేవు. చేతికి వేసే టీకాలు నాలుగైదు విడతల్లో అయిపోతాయి. ప్రభుత్వాస్పత్రిలో ఉచితం కూడా.

బడుల్లో రోడ్డు ఎలా దాటాలో నేర్పుతున్నారు. కుక్క ముందు ఎలా నిలబడాలో కూడా నేర్పమని టీచర్లని అడుగుదాం. అప్పటిదాకా వరండాలోనే ఆటలా ఆడించొచ్చు. 'చెట్టు' అనగానే కదలకుండా నిలబడిపోవాలి, ముందు కదిలినవాళ్లు ఓడిపోయినట్టు. అయితే ఆ ఆటలో మొదట గెలవాల్సింది మనమే సుమా! కుక్కని చూసి మనం కెవ్వుమంటే పిల్లలు నేర్చుకునేది ఆ కేకనే. కుక్కలే కాదు, పిల్లలూ మన మాటకన్నా మన ఒంటినే ముందు చదువుతారు.