సరస్వతి ఆకు సరే, ధ్రువపత్రం మాటేమిటి?

“మావాడు నోటితో అడిగితే తడుముకోకుండా జవాబు చెబుతాడు, చదవమంటే అక్షరాలు తారుమారు చేస్తాడు. సరస్వతీ లేహ్యం ఎన్నాళ్ళు వాడమంటారు?” అని అడిగే తల్లిదండ్రులు నా వద్దకు తరచుగా వస్తుంటారు. సారస్వతారిష్టమును గాని, సరస్వతి ఆకును గాని తక్కువచేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు. అయితే ఇది బుద్ధిమాంద్యం కాదు, సోమరితనం అంతకన్నా కాదు. డిస్లెక్సియా అనబడే ఈ స్థితి మెదడు అక్షరమును గ్రహించే తీరులోని భేదం. ఏ మూలికయైనా దీనిని రూపుమాపుతుందని నేను చెప్పజాలను. ఇట్టి పిల్లలకు కావలసినది తగిన బోధన, పరీక్షలలో అదనపు సమయం, ఆపైన కళాశాల చదువుకు ఆర్థిక సహాయం.

ఈ చివరి విషయంలోనే అన్యాయం జరుగుతున్నదని నా అభిప్రాయం. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఈ లోపానికి చోటే లేదు. 2016 నాటి చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఇదీ చేరినది. 40 శాతం, అంతకు మించిన వైకల్యం గలవారందరికీ కలిపి ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో కనీసం 5 శాతం సీట్లు ఆ చట్టం కేటాయించినది. కేంద్ర ప్రభుత్వపు పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం ఉన్నది, పేరుగన్న సంస్థలలో చదివేవారికి ‘టాప్ క్లాస్’ ఉపకారవేతనం ఉన్నది. రెండింటికీ కుటుంబ ఆదాయ పరిమితి కలదు. దరఖాస్తు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్ ద్వారానే.

అన్నీ ఉన్నవి, అయినా ఎందరికి అందుతున్నవి? చిక్కంతా ధ్రువపత్రం వద్దనే. 2018 నాటి మార్గదర్శకాల ప్రకారం 8 ఏళ్ళు నిండిన పిల్లలకే ఆ పత్రం. తిరిగి 14వ ఏట, 18వ ఏట పరీక్షలు. చివరిది మాత్రమే జీవితాంతం చెల్లునని అన్నారు. పిల్లలు ఎదిగే కొద్దీ మార్పు రావచ్చును గనుక మధ్యలో పరీక్ష అవసరమే, కాదనను. కాని 18వ ఏడంటే మన పిల్లలు ఇంటర్ ముగించి కళాశాలలో అడుగిడే సమయం! దరఖాస్తు గడువు ఒకవైపు, క్లినికల్ సైకాలజిస్టు కొరకు పట్టణానికి ప్రయాణాలు ఒకవైపు. చూపు లేనివాని కష్టం గుమాస్తాకు కనబడుతుంది. వీని కష్టం కాగితం చూపితే తప్ప కనబడదు. ఒకసారి నిర్ధారణ జరిగిన విద్యార్థికి ఆ పత్రమును డిగ్రీ ముగిసేవరకు చెల్లనివ్వాలి. తెలుగు మాధ్యమంలో చదివిన బిడ్డను తెలుగులోనే పరీక్షించాలి.

పత్రం తీసుకుంటే రేపు సంబంధాలు రావని వెనుకాడే తల్లులూ ఉన్నారు. అమ్మా, ఆ కాగితం గోడకు తగిలించేది కాదు, బీరువాలో ఉండేది. ఇంటర్ మొదటి సంవత్సరంలోనే జిల్లా ఆసుపత్రిలో విచారించండి. పాత రిపోర్టులు, యూడీఐడీ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం ఒకచోట భద్రపరచండి. లేహ్యం గురించి ఆ తరువాత తీరికగా మాట్లాడుకుందాం.