పాతవీధుల ఛాయాచిత్రములు

హైదరాబాదు పాతబస్తీ వీధులకు ఛాయాచిత్రములు తీసి భద్రపఱచితిమి గనుక నిఁక గోడలు కూలినను నష్టము లేదని కొందఱనుచున్నారు. ఈ వాదమును మేమంగీకరింపఁజాలము.

ఇది క్రొత్త వాదము గాదు. స్కాట్లండునందలి గ్లాస్గో నగరమున 1866వ సంవత్సరపు చట్టము ననుసరించి పేదల యిఱుకు సందులను కూల్పఁ బూనినవారు, థామస్ ఆన్నన్ అను నాతనిచే 1868 మొదలు 1871 వఱకు వానికి ఛాయాచిత్రములు తీయించిరి. సందులలోఁ బెక్కులు పోయినవి, చిత్రములు నిలిచినవి. వానిలో రాతిగోడలు స్పష్టముగా నున్నవి. ఆ దినములలో ఫలకముపై వెలుఁగు చాలసేపు పడవలసియుండుటచేఁ గదలిన మనుజులు మాత్రము పొగవలె మిగిలిరి. చిత్రము క్రింద సందు సంఖ్య యున్నది. కాపురమున్నవారి పేళ్లు లేవు.

నేఁడు చార్మినారు చుట్టునున్న గల్లీలలో జరుగుచున్నది యింతకంటె భిన్నమా? శిథిలమైన దేవిడీ ద్వారము చిత్రకారునకు సొగసు. వానకుఁ గాఱు కప్పుక్రింద నున్నవారికది యిల్లు. సొగసును గైకొని యింటిని విడుచుట న్యాయమా? చిత్రము తీయువారు ఆ యింటి కథ నడిగి, తేదీతోఁ గూడ వ్రాసి, యొక ప్రతిని ఇంటివారికే యీయవలయును. కూల్చువారు వచ్చిననాఁడు వారిచేత సాక్ష్యముండును. అట్లు గాని చిత్రము పాడెమీఁది పూలదండయే.